రసాయన లేజర్ మోడల్ డైరీ: పోయిన శక్తి వేడిగా తిరిగొస్తుంది

రోజు 1

ఆక్సిజన్-అయోడిన్ రసాయన లేజర్‌కి ఒక చిన్న కంప్యూటర్ మోడల్ రాయాలి. పీడనం, ఉష్ణోగ్రత, నీటి ఆవిరి, అయోడిన్ పాళ్లు మార్చినప్పుడు దాని పనితీరు ఎలా మారుతుందో అందులో చూడాలి. ఇదీ నా ప్రాజెక్టు. అసలు యంత్రం కట్టే ఉద్దేశం లేదు. క్లోరిన్, గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్ ఆవిరి ఒకే చోట ఉండే యంత్రం అది. సరైన ల్యాబ్, శిక్షణ ఉన్న టీమ్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. నా చేతిలో ఉన్నవి ల్యాప్‌టాప్, పైథాన్, చర్యల వేగాల పట్టిక.

ముందు మూలం రాసుకుంటున్నాను, మళ్లీ మళ్లీ ఇక్కడికే రావాలి కాబట్టి. మొట్టమొదటి రసాయన లేజర్‌ని 1965లో కాస్పర్, పిమెంటెల్ చూపించారు. హైడ్రోజన్, క్లోరిన్ కలిసి పేలినప్పుడు పుట్టే హైడ్రోజన్ క్లోరైడ్ అందులో వెలిగింది. ఆక్సిజన్-అయోడిన్ లేజర్ 1977లో అమెరికా వైమానిక దళ ప్రయోగశాలలో పుట్టింది. క్షారం కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలోకి క్లోరిన్ పంపితే ఉత్తేజిత స్థితిలో ఉన్న ఆక్సిజన్ బయటికొస్తుంది. దీన్ని సింగ్లెట్ డెల్టా అంటారు. ఈ ఆక్సిజన్‌కి వెలుగు రూపంలో శక్తి వదులుకోవడం చాలా కష్టం. ఎవరూ కదిలించకపోతే సుమారు గంటసేపు శక్తిని పట్టుకుని ఉండగలదు. దాని దగ్గరికి అయోడిన్ పరమాణువు వస్తే మాత్రం వెంటనే ఇచ్చేస్తుంది. అయోడిన్ 1.315 మైక్రాన్ల దగ్గర లేజర్ కాంతిగా వెలుగుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరుగుతుంది. అయోడిన్ కూడా శక్తిని ఆక్సిజన్‌కి తిరిగి ఇవ్వగలదు. రెండింటి శక్తుల మధ్య తేడా చాలా చిన్నది, 279 తరంగ సంఖ్యలు (సెంటీమీటరుకి ఎన్ని తరంగాలో చెప్పే శక్తి కొలమానం) మాత్రమే. అది అణువుల ఉష్ణ చలన శక్తి స్థాయిలోనే ఉంది, కాబట్టి ఆ సమతుల్యత ఉష్ణోగ్రత మీద గట్టిగా ఆధారపడుతుంది. e అనే సంఖ్యని (సుమారు 2.718) 402 బై ఉష్ణోగ్రత ఘాతానికి పెంచి, దాన్ని 0.75తో గుణిస్తే సమతుల్యతా స్థిరాంకం వస్తుంది. 300 కెల్విన్ దగ్గర 2.9, 150 దగ్గర 10.9.

అయోడిన్ పై మెట్టులో 2 స్థితులు, కింది మెట్టులో 4 ఉంటాయి. కాబట్టి పై మెట్టు జనాభా (అక్కడున్న పరమాణువుల సంఖ్య) కింది దానిలో సగం దాటితే చాలు, గెయిన్ వస్తుంది, అంటే దాటే కాంతి బలపడుతుంది. ఈ షరతుని ఆక్సిజన్ వైపు నుంచి చూస్తే, మొత్తం ఆక్సిజన్‌లో ఉత్తేజిత వాటా కనీసం ఎంత ఉండాలో తేలుతుంది. 300 కెల్విన్ దగ్గర 15 శాతం, 200 దగ్గర 8, 150 దగ్గర 4.4. ఆ కనీస వాటా కంటే తక్కువకి పడితే మిగిలిన శక్తంతా ఆక్సిజన్‌లో ఉన్నా కాంతిగా తీయలేం. చల్లబడిన కొద్దీ తీయగలిగే శక్తి పెరుగుతుంది. ఇవాళ కాగితం మీద తేలినది ఇంతే, కానీ నాకు చాలా నచ్చింది.

రోజు 3

మొదటి కోడ్ నడిచింది. నడిచింది అనడం కంటే పాకింది అనాలి. ఉత్తేజిత ఆక్సిజన్ 1 టార్ (వాతావరణ పీడనంలో 760వ వంతు) ఉంటే అయోడిన్‌కి శక్తి అందడానికి అర మైక్రోసెకను కూడా పట్టదు. మరోవైపు ఆక్సిజన్ తనలో తాను శక్తి పోగొట్టుకోవడానికి మిల్లీసెకన్లు పడుతుంది. ఇంత తేడా ఉన్న వేగాలను ఒకే సమీకరణాల గుంపులో పెడితే మామూలు సాల్వర్ అతి చిన్న అడుగులు వేస్తూ కూర్చుంటుంది. పైథాన్ లెక్కల లైబ్రరీ సైపైలో ఇలాంటి వాటి కోసమే ఉన్న బీడీఎఫ్ పద్ధతికి మార్చాను. నిమిషాలు పట్టేది రెప్పపాటులో అయిపోయింది.

రోజు 5

ఒక తప్పు పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

నాజిల్‌కి (వాయువుని ధ్వని కంటే వేగంగా వదిలే మూతికి) ముందు, అంటే ఉత్తేజిత ఆక్సిజన్ తయారయ్యే జనరేటర్ నుంచి వచ్చే గొట్టంలో, ఉత్తేజిత ఆక్సిజన్ అణువులు రెండు ఢీకొంటే ఒకటి ఇంకా పైస్థాయికి వెళ్తుంది, రెండోది మామూలు ఆక్సిజన్ అయిపోతుంది. నా కోడ్‌లో 50 టార్ల ఆక్సిజన్, 60 శాతం వాటా, 10 మిల్లీసెకన్ల ప్రయాణం పెడితే మూడో వంతు పోయింది. ఇది ఎక్కువ అనిపించింది. పైస్థాయికి వెళ్లిన అణువు సంగతి నేను మర్చిపోయాను. దాన్ని నీటి ఆవిరి దాదాపు వెంటనే మళ్లీ సింగ్లెట్ డెల్టాకి దించుతుంది. అంటే ఒక ఢీకి రెండు కాదు, ఒక్కటే నష్టం. సరిచేశాక అయిదో వంతు పోతోంది. అదే 5 టార్లు పెడితే 3 శాతం లోపే.

ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన పెట్టి కాసేపు చూశాను. నష్టం సాంద్రత వర్గంతో పెరుగుతుంది. పీడనం పెంచడం అంటే ఎక్కువ శక్తిని తీసుకెళ్లడం, అదే సమయంలో దారిలో దాన్ని ఎక్కువగా ఒలకబోసుకోవడం. ఎక్కువ పీడనంతో నడపాలంటే గొట్టం పొట్టిగా ఉండాలి, వాయువు వేగంగా కదలాలి. జనరేటర్‌ని నాజిల్‌కి ఎందుకు అంత దగ్గరగా పెడతారో ఇప్పుడు అర్థమైంది.

రోజు 8

నాజిల్ కలిపాను. నా ప్రాథమిక కేసు ఇది: ఒక పాలు ఆక్సిజన్‌కి నాలుగు పాళ్లు హీలియం, నాజిల్ ముందు మొత్తం 50 టార్లు, 300 కెల్విన్. ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో బయటికొస్తుంది. నాజిల్ దాటగానే ఉష్ణోగ్రత 138 కెల్విన్, పీడనం 6 టార్లు, వేగం సెకనుకు 870 మీటర్లు. 10 సెంటీమీటర్లు దాటడానికి 115 మైక్రోసెకన్లు.

హీలియం లేకుండా ఒట్టి ఆక్సిజన్‌తో అదే నాజిల్ లెక్క వేస్తే 167 కెల్విన్ దగ్గరే ఆగిపోతుంది. హీలియం ఒక్క పరమాణువు మాత్రమే కాబట్టి, వేడి దాచుకోవడానికి తిరుగుడు కదలికలు దానికి లేవు. అందుకే వ్యాకోచించినప్పుడు ఎక్కువ చల్లబడుతుంది. హీలియం పలుచన చేయడానికే అనుకునేవాడిని. అది చలి కూడా తెస్తోంది.

ఇప్పుడు గెయిన్ లెక్క. 138 కెల్విన్ స్థిరంగా పెట్టి, నాజిల్ దగ్గర ఉత్తేజిత వాటా 55 శాతం అనుకుని, అయోడిన్ పెంచుతూ పోయాను. అయోడిన్ అణువుని రెండు పరమాణువులుగా చీల్చడానికి నాలుగు నుంచి ఆరు ఉత్తేజిత ఆక్సిజన్లు ఖర్చవుతాయి. నేను అయిదు తీసుకున్నాను. ఆక్సిజన్‌లో 1 శాతం అయోడిన్ ఉంటే సెంటీమీటరుకు 1 శాతం గెయిన్. 4 శాతం అయోడిన్ ఉంటే 3.7 శాతం గెయిన్!

సంతోషంగా పడుకున్నాను.

రోజు 9

పొద్దున లేవగానే ఆ 3.7 మీద అనుమానం వచ్చింది. అంత సులభమైతే అందరూ అయోడిన్ గుమ్మరించేవారు. కోడ్ మొదటి నుంచి చదివాను. తప్పు ఏ లైన్లోనూ లేదు. లేని లైన్లో ఉంది. ఉష్ణోగ్రతని నేను స్థిరంగా పెట్టాను. అయిదేసి ఉత్తేజిత ఆక్సిజన్లు పోతున్నాయని రాశాను గానీ, ఆ శక్తి ఎక్కడికి పోతుందో రాయలేదు.

కాగితం తీసి లెక్క వేశాను. ఉత్తేజిత ఆక్సిజన్ మోల్‌కి 94 కిలోజౌళ్ల శక్తి మోస్తుంది. వాటా 10 శాతం పడిపోతే (అంటే 55 నుంచి 45కి), మోల్ ఆక్సిజన్‌కి 9.4 కిలోజౌళ్లు వేడిగా మారతాయి. ఒట్టి ఆక్సిజన్ అయితే అది 320 కెల్విన్ పెరుగుదల. ఈ సంఖ్యని మూడుసార్లు సరిచూశాను. పదో వంతు నష్టానికి మూడు వందల డిగ్రీలు! నాలుగు పాళ్లు హీలియం ఉంటే అదే వేడి పంచుకుని 84 కెల్విన్ అవుతుంది. హీలియం అసలు పని ఇదన్నమాట.

అయోడిన్ బంధం తెంచడానికి మోల్‌కి 149 కిలోజౌళ్లు నిజంగానే ఖర్చవుతాయి, అవి వేడిగా మారవు. దాన్ని తీసేస్తే 2 శాతం అయోడిన్‌కి పెరుగుదల 57 కెల్విన్. పీడనం స్థిరంగా ఉంచి, వేడి సమీకరణం కలిపి, మళ్లీ నడిపాను.

అయోడిన్ 0.5 శాతం దగ్గర గెయిన్ సెంటీమీటరుకు 0.43 శాతం. 1 శాతం దగ్గర 0.71. 2 దగ్గర 0.99. 3 దగ్గర 1.02. 4 దగ్గర 0.90కి దిగింది. నిన్నటి 3.7 ఇవాళ 0.9 అయింది. ఒక్క సమీకరణం కలిపినందుకు నాలుగు రెట్ల తేడా.

వేడి గెయిన్‌ని మూడు చోట్ల కొడుతోంది. సమతుల్యత అయోడిన్ కింది మెట్టు వైపు జరుగుతుంది. డాప్లర్ వెడల్పు (పరమాణువుల కదలిక వల్ల కాంతి గీత విస్తరించడం) పెరిగి గీత పలుచబడుతుంది. స్థిర పీడనం దగ్గర వాయువు ఉబ్బి అయోడిన్ సాంద్రతే తగ్గుతుంది. వేరువేరుగా చూస్తే ఏదీ పెద్దది కాదు, మూడూ కలిసినప్పుడే అంత దెబ్బ.

రోజు 10

నిన్నటి పట్టికని ఇంకోలా చూశాను. గెయిన్ బదులు, కనీస వాటా పైన ఎంత మిగిలిందో లెక్క వేశాను. నిజంగా కాంతిగా తీయగలిగేది ఆ మిగులే. 1 శాతం అయోడిన్ దగ్గర ప్రతి వంద ఆక్సిజన్లలో 44 పనికొస్తాయి. 2 దగ్గర 37, 3 దగ్గర 30, 4 దగ్గర 23.

గెయిన్ 2 నుంచి 3 మధ్య దాదాపు చదునుగా ఉంది. ఆ మధ్యలోనే తీయగలిగే శక్తి అయిదో వంతు తగ్గిపోయింది. గెయిన్ మీటరు మాత్రమే చూసుకుంటూ అయోడిన్ సర్దుబాటు చేసేవాళ్లు ఈ నష్టాన్ని చూడలేరు. ఎక్కువ గెయిన్ ఉన్న చోట ఎక్కువ పవర్ ఉంటుందని నేనూ ఇన్నాళ్లూ అనుకున్నాను.

అలాగని అయోడిన్ మరీ తగ్గించలేం. ఒక్కో అయోడిన్ పరమాణువు ఆక్సిజన్ దగ్గర శక్తి తీసుకుని, కాంతిగా ఇచ్చి, మళ్లీ వెనక్కి రావాలి. అర శాతం దగ్గర ఒక్కొక్కటి దాదాపు 50 సార్లు తిరగాలి. నా వేగాలతో దానికి 20 మైక్రోసెకన్ల లోపే సరిపోతుంది, కాబట్టి సమయం ఇబ్బంది కాదు. గెయిన్ చాలకపోవడమే ఇబ్బంది. 10 సెంటీమీటర్ల వెడల్పులో 4 శాతం గెయిన్ వస్తే, బయటికి వదిలే కాంతి, అద్దాల్లో నష్టం అన్నీ దాంట్లోంచే తీయాలి. నా నోట్‌బుక్‌లో 1 నుంచి 2 శాతం మధ్య గీత గీసి పెట్టుకున్నాను.

రోజు 13

నీటి ఆవిరి.

జనరేటర్ ద్రావణంలో నీరు ఉంటుంది, చర్యలో ఇంకా పుడుతుంది. శుద్ధ నీటి ఆవిరి పీడనం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 17.5 టార్లు, సున్నా దగ్గర 4.6, గడ్డకట్టకుండా మైనస్ 15 దాకా చల్లబరిస్తే 1.4. పెరాక్సైడ్, క్షారం కలిసిన ద్రావణానికి ఇంకా తక్కువ. నా ఆక్సిజన్ పీడనం 10 టార్లే. గది వేడిమి దగ్గర శుద్ధ నీరు ఆక్సిజన్‌నే మించిపోతుంది! ద్రావణాన్ని సున్నా కంటే కింద ఎందుకు ఉంచుతారో దీంతో తేలిపోయింది.

నీరు ఉత్తేజిత అయోడిన్‌ని ఆర్పుతుందని తెలుసు. ఆ నష్టమే పెద్దది అనుకుని వెతికాను. 0.1 టార్ నీరు పెడితే 115 మైక్రోసెకన్లలో అలా పోయేది స్వల్పమే. దెబ్బ ముందే పడుతోంది. అయోడిన్ అణువు ఒక్క దెబ్బకి చీలదు. ముందు కంపిస్తున్న మధ్య స్థితికి వెళ్తుంది, ఇంకో ఉత్తేజిత ఆక్సిజన్ తగిలాకే విడిపోతుంది. నీరు ఆ మధ్య స్థితినే ఆర్పేస్తుంది. ప్రతిసారీ ఒక ఆక్సిజన్ శక్తి వృథాగా వేడి అవుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలవ్వాలి. నీరు రెట్టింపు చేసినప్పుడు చీలిక పూర్తయ్యే చోటు నాజిల్‌కి ఇంకా దూరంగా జరిగింది, ఒక్కో అయోడిన్‌కి ఖర్చయ్యే ఆక్సిజన్లూ పెరిగాయి. అంటే నేను స్థిరంగా పెట్టిన "అయిదు" స్థిరం కాదు. అదీ పరిస్థితులతో కదులుతుంది.

చీలిక గ్రాఫ్ అందంగా ఉంటుంది, ఒక మాట రాయకుండా ఉండలేను. మొదట నిదానంగా మొదలవుతుంది. కొన్ని పరమాణువులు పుట్టాక అవి ఉత్తేజితమై మిగతా అణువుల చీలికకి సాయం చేస్తాయి. ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచి, తర్వాత చదునవుతుంది.

రోజు 15

ఈ రోజు పక్కదారి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లేజర్‌లో ఉష్ణోగ్రత ఇలాగే పనిచేస్తుందా అని చూశాను. అందులో ఫ్లోరిన్ పరమాణువు హైడ్రోజన్ అణువుతో కలిసి మోల్‌కి 132 కిలోజౌళ్లు వదులుతుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు కంపనంలోకే వెళ్తాయి. కాంతి 2.6 నుంచి 3 మైక్రాన్ల మధ్య ఒక్క రంగు కాదు, చాలా గీతలుగా వస్తుంది.

ఇందులో పై కంపన మెట్టులో కింది దాని కంటే తక్కువ మంది ఉన్నా కొన్ని గీతలు లేజర్ ఇస్తాయి, ఎందుకంటే జనాభా తిరుగుడు మెట్ల మీద పంచుకుని ఉంటుంది. అయిదో పి గీతకి (పి గీతల్లో అణువు కాంతి వదులుతూ ఒక తిరుగుడు మెట్టు పైకెక్కుతుంది) సుమారుగా లెక్క వేస్తే, 300 కెల్విన్ దగ్గర పై మెట్టు కింది దానిలో 38 శాతం ఉంటే చాలు. 600 దగ్గర 62 శాతం కావాలి. అక్కడా చలే మేలు చేస్తుంది, దారి వేరు. ఒక పెద్ద తేడా ఉంది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ తనని తానే చాలా వేగంగా ఆర్పుకుంటుంది. చర్య ముందుకు సాగే కొద్దీ విషం కూడా పోగవుతున్నట్టే. అందుకే అక్కడ తక్కువ పీడనం, వేగవంతమైన ప్రవాహం, చక్కగా కలిసే నాజిళ్లు తప్పనిసరి. ఆక్సిజన్ అంత ఓపిక దానికి లేదు.

రోజు 18

హీలియం బదులు నైట్రోజన్. నిజ యంత్రాల్లోనూ వాడారు కాబట్టి ప్రయత్నించాలి. ఫలితం బాగా దిగజారుతుందని అనుకున్నాను.

2 శాతం అయోడిన్‌తో ఉష్ణోగ్రత పెరుగుదల 44 కెల్విన్ వచ్చింది, హీలియం కంటే 13 తక్కువ! నైట్రోజన్ అణువు ఎక్కువ వేడి మింగగలదు కదా. అయితే నాజిల్ దాటాక మొదలే 167 కెల్విన్ దగ్గర. చివరికి 211, హీలియంతో 195. తేడా 16 డిగ్రీలే. అసలు ఇబ్బంది వేగంలో ఉంది: 870 బదులు సెకనుకు 520 మీటర్లు. అదే దూరంలో వాయువు ఎక్కువసేపు ఉంటుంది, నీటికి, ఇతర నష్టాలకి ఎక్కువ సమయం దొరుకుతుంది. నైట్రోజన్ పనికిరాదు అన్న నా ముందస్తు తీర్పుని వెనక్కి తీసుకున్నాను. దానికి తగ్గట్టు నాజిల్, దూరాలు మార్చుకుంటే నడిచే దారే అది.

రోజు 20

పీడనం రెట్టింపు చేశాను, నాజిల్ ముందు 100 టార్లు. ఆక్సిజన్ వాటా 20 టార్లు. నాజిల్‌కి ముందు 10 మిల్లీసెకన్లు గడిస్తే, ఆక్సిజన్ తనలో తాను ఢీకొని 60 శాతం వాటాలో దాదాపు పదో వంతు, అంటే ఆరు శాతం, పోతుంది. 9వ రోజు పాఠం గుర్తుంది కాబట్టి, ఆ శక్తి ఎక్కడికి వెళ్లిందని వెంటనే అడిగాను. హీలియం కలిసి ఉంటే నాజిల్‌కి ముందే 47 కెల్విన్ పెరుగుదల. నాజిల్ దాటాక దాని ఛాయ 22 కెల్విన్. అయోడిన్ ఇంకా కలవకముందే 22 డిగ్రీల అప్పు.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ప్రతి పరిస్థితి పక్కన రెండు గడులు ఉన్నాయి: వాటాలో ఎంత పోయింది, అది ఎన్ని డిగ్రీలుగా తిరిగొచ్చింది. పీడనం, నీరు, అయోడిన్, ఏది మార్చినా రెండో గడి నింపకుండా ముందుకెళ్లట్లేదు.

పీడనం వైపు ఇంకో చిక్కు ఉంది, అది నా మోడల్‌లో లేదు. నా ప్రాథమిక కేసులో లేజర్ గదిలో 6 టార్లు, బయట 760. ఆ వాయువుని మళ్లీ వాతావరణ పీడనానికి తేవాలి. నాజిల్ ముందు పీడనం పెంచాలని ఇంజనీర్లు అంత పట్టుదలగా ఉండటానికి ఇదో ముఖ్య కారణం. బోయింగ్ 747 విమానంలో ఇదే రకం లేజర్‌ని పెట్టి 2010 ఫిబ్రవరి 11న ఎగిరే క్షిపణిని కూల్చారు. అంత ఎత్తులో బయటి పీడనం తక్కువ, కాబట్టి వాయువుని బయటికి తోయడం నేల మీద కంటే తేలిక.

రోజు 23

ఇన్ని రోజులూ అయోడిన్ నాజిల్ దగ్గరే ఒక్క క్షణంలో కలిసిపోయిందని అనుకున్నాను. ఇవాళ దాన్ని తీసేసి, 5 సెంటీమీటర్ల పొడవునా మెల్లగా కలిసేలా రాశాను. గెయిన్ శిఖరం నాజిల్‌కి దూరంగా జరిగింది, ఎత్తు తగ్గింది. శిఖరం చుట్టూ వెడల్పు పెరిగింది. వేడి కూడా ఒక్కచోట కాకుండా పరుచుకుని వస్తోంది. ఇప్పుడు ప్రశ్న అద్దాల అక్షం నాజిల్ నుంచి ఎంత దూరంలో ఉండాలన్నది. 3 నుంచి 9 సెంటీమీటర్ల దాకా, అర సెంటీమీటరు చొప్పున, మూడు నీటి స్థాయిల దగ్గర నడిచే స్క్రిప్ట్ పెట్టాను. రాత్రంతా పడుతుంది. పొద్దున ముందుగా చూడాల్సింది నీరు ఎక్కువ ఉన్న వరస: చీలిక పూర్తయ్యే చోటు, గెయిన్ శిఖరం అక్కడ ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయా లేదా.